పసుపు పనుల కాలంలో పాలిచ్చే తల్లుల ఆహారం, శ్రమ, ఆరోగ్యం – దొంకేశ్వర్ పరిసరాల నేపథ్యంలో ఒక పరిశీలన

నిజామాబాద్ జిల్లాలో జూన్, జూలై మాసాలలో విత్తిన పసుపు జనవరి నుండి తవ్వకానికి వస్తుంది. ఆకు కోత, దుంపల ఏరివేత, మండను కొమ్మును వేరు చేయడం, ఉడకబెట్టడం, కళ్లంలో ఆరబెట్టడం వరుసగా మార్చి చివరి వరకు సాగుతాయి. ఈ పనులలో అధికభాగం స్త్రీల చేతి మీదుగానే జరుగుతుంది. శ్రీరాంసాగర్ జలాశయం అంచున ఉన్న దొంకేశ్వర్, నందిపేట, ఆర్మూర్ ప్రాంతాలలో పసుపు పని లేని దినాలలో అదే స్త్రీలు బీడీలు చుడతారు. ఒకటి ఎండలో నడుము వంచి చేసే పని, మరొకటి గంటల తరబడి కదలకుండా కూర్చొని చేసే పని. పాలిచ్చే తల్లి ఈ రెంటి మధ్య ఎలా నెట్టుకొస్తున్నదో మన విస్తరణ కార్యక్రమాలలో అరుదుగా చర్చకు వస్తుంది. ఎకరా దిగుబడి, కూలీ ఖర్చు లెక్కించే మనం ఆ కూలీ శరీరం చేసే ఖర్చును కూడా లెక్కించవలసి ఉంది.

భారత వైద్య పరిశోధనా మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం 55 కిలోల బరువుండి మధ్యస్థ శ్రమ చేసే స్త్రీకి రోజుకు 2130, కఠిన శ్రమ చేసే స్త్రీకి 2720 కిలో కేలరీల శక్తి అవసరం. బిడ్డకు మొదటి ఆరు నెలలు పాలిచ్చే కాలంలో దీనికి అదనంగా 600 కిలో కేలరీలు, 17 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అనగా తవ్వకపు పనికి వెళ్లే బాలింతకు రోజుకు 3300 కిలో కేలరీలకు పైగా అవసరమన్నమాట. పొద్దున టీ తాగి, మధ్యాహ్నం సద్దిలో అన్నం, పచ్చడితో సరిపెట్టుకునే కూలీకి ఇది అందని సంఖ్య.

అందకపోతే ఏమవుతుంది? పాలు వెంటనే తగ్గిపోతాయన్న భావన సరికాదు. ఒక మోస్తరు పోషణలోపం ఉన్న తల్లికి కూడా రోజుకు సుమారు 750 మి.లీ. పాలు వస్తాయి. పాలలోని కాల్షియం, ఇనుము శాతాలు తల్లి భోజనాన్ని బట్టి పెద్దగా మారవు. తల్లి ఎముకల నుండి, ఒంట్లోని నిల్వల నుండి అవి సమకూరుతాయి. విటమిన్ ఎ, బి విటమిన్లు, అయోడిన్ విషయంలో మాత్రం తల్లి తినే ఆహారంలోని లోటు పాలలోనూ కనిపిస్తుంది. బిడ్డ చక్కగా పెరుగుతున్నాడని తృప్తి పడే ఇంట్లోనే తల్లి లోలోపల తరిగిపోవచ్చు. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోని 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నట్లు తేలింది. ప్రసవం తరువాత 180 దినాలు వాడవలసిన ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలను ఎంతమంది చివరి వరకు వాడుతున్నారో అంగన్‌వాడీ టీచరును అడిగి తెలుసుకోవడం విస్తరణ అధికారికి కష్టమైన పని కాదు. మాత్రను టీతో కలిపి తీసుకోరాదని కూడా చెప్పాలి.

మన పల్లెలలో బాలింత పథ్యం పేరిట పప్పు, పెరుగు, కూరగాయలు, కొన్ని ఇళ్లలో నీళ్లు సైతం మాన్పిస్తారు. పచ్చి నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయని, పెరుగుతో బిడ్డకు జలుబు చేస్తుందని పెద్దల నమ్మకం. దీనికి శాస్త్రీయ ఆధారం లేదు. అయితే పథ్యం మొత్తాన్ని కొట్టిపారేయడం కూడా తగదు. ఎల్లిగడ్డ కారం, శొంఠి, నువ్వులు, నెయ్యి ఇచ్చే ఆచారంలో శక్తిని సమకూర్చే ఆలోచన ఉన్నది. అత్తగారిని తప్పుబట్టే ఉపన్యాసం కంటే, ఆమె వండే నువ్వుల పొడిని రోజుకు 15 గ్రాములకు పెంచమని కోరడం మేలు. పొట్టుతో ఉన్న నువ్వులు ఆ మోతాదులో 200 మిల్లీగ్రాముల వరకు కాల్షియం ఇస్తాయి. రెండు జొన్న రొట్టెలు (100 గ్రాముల పిండి), 30 గ్రాముల పప్పు, ఒక గుడ్డు, ఈ నువ్వుల పొడి కలిపితే అదనంగా కావలసిన 600 కిలో కేలరీలు దాదాపు సమకూరుతాయి. మాంసకృత్తులు 17 గ్రాములను దాటుతాయి. పుంటికూర, తోటకూర, మునగాకు, జలాశయపు చేప ఈ ప్రాంతానికి కొత్తవి కావు.

2015 జనవరి 1 నుండి అమలులో ఉన్న ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలో ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మి.లీ. పాలు అందుతాయి. చిక్కు ఎక్కడున్నదంటే, భోజనం పెట్టే మధ్యాహ్నవేళ తల్లి పసుపు చేనులో ఉంటుంది. ఈ మూడు నెలలైనా ఆ భోజనం చేను వద్దకు లేదా పని ముగిసే వేళకు చేరేటట్లు గ్రామస్థాయిలో మాట్లాడుకోవాలి.

ఇక వ్యాయామం. పాలిచ్చే తల్లులు వారానికి ఐదు దినాలు, రోజుకు 45 నిమిషాల వ్యాయామం చేసినా పాల పరిమాణం, నాణ్యత తగ్గలేదని కేథరిన్ డ్యూయీ బృందం 1994లో నిరూపించింది. ఈ ఫలితాన్ని విద్యార్థులు తరచు ఉదహరిస్తారు. కాని అందులోని స్త్రీలు ఖర్చయిన శక్తికి తగినట్లు ఎక్కువ తిన్నారన్న విషయాన్ని వదిలివేస్తారు. కూలి పని వ్యాయామం కాదు. అది ఆకలితో, విశ్రాంతి లేకుండా, పరుల వేగానికి లోబడి జరిగే శ్రమ. పైగా తెలంగాణలో 60.7 శాతం ప్రసవాలు శస్త్రచికిత్సతో జరుగుతున్నట్లు అదే సర్వే చెబుతున్నది. అటువంటి స్త్రీ తొలి నెలలలో పసుపు సంచి ఎత్తరాదు. కూర్చొని చేసే ఏరివేత, కొమ్ము వేరుచేత ఆమెకు కేటాయించవచ్చు. మందు కలిపే పని, పిచికారీ చేసిన మడిలో వెంటనే దిగడం పూర్తిగా మానాలి. బీడీలు చుట్టే తల్లికి మాత్రం నడక అవసరం. పొగాకు ముట్టిన చేతులతో నికోటిన్ చర్మం ద్వారా రక్తంలోకి, దాని నుండి పాలలోకి చేరుతుంది. సబ్బుతో చేతులు కడిగి, పైచీర మార్చి పాలివ్వాలి, చేట పక్కన బిడ్డను పడుకోబెట్టరాదు.

పసుపు శాస్త్రజ్ఞులుగా మనకు ప్రత్యేకించి సంబంధించిన అంశం మరొకటి. కొమ్ములకు మెరుపు కోసం కొన్నిచోట్ల వాడే లెడ్ క్రోమేట్‌లో సీసం ఉంటుంది. సీసం తల్లి ఎముకలలో నిలిచి, పాలిచ్చే కాలంలో కాల్షియంతోపాటు రక్తంలోకి, పాలలోకి వస్తుంది. బాలింతకు ఆహారంలోనూ, స్నానంలోనూ పసుపు వాడే సమాజం మనది. ఆమె ఇంటికి రంగు వేయని సొంత పంట కొమ్ములే దంచి వాడుకోవాలని రైతుకు చెప్పాలి.

చివరిగా సాగు పద్ధతుల విషయం. పసుపులో మొక్కజొన్నను అంతరపంటగా వేయడం ఇక్కడి రైతులకు అలవాటే, కాని ఆ పంట ఎక్కువగా అంగడికే పోతుంది. చేను గట్ల మీద కంది, మునగ, ఒక మూల బెండ, ఆకుకూరల మడి వేయించడం మన సిఫారసుల పట్టికలో చేరాలి. గట్టు మీది కంది కూడా జనవరి నాటికి కోతకు వస్తుంది, సరిగ్గా పసుపు తవ్వకం మొదలయ్యే వేళకు.