శోధనను గెలిచే ప్రేమ



మన కాణిపాకంలో వరసిద్ధి వినాయకుని ముందు ప్రమాణం చేసి తాగుడు మానుకునేవాళ్ళను చూస్తుంటాం. చెడును గెలవాలనే తపన అన్ని మతాలలోనూ ఉంది. అందుకు క్రైస్తవ విశ్వాసం చూపే మార్గం ప్రేమ.

ఏసుక్రీస్తు అరణ్యంలో 40 రోజులు ఉపవాసమున్నాడు. ఆకలిగొన్న ఆయనను, రాళ్ళను రొట్టెలుగా మార్చుకోమని సాతాను శోధించాడు. ఆయన ఒప్పుకోలేదు. తర్వాత 5 వేలమందికి రొట్టెలు పంచి ఆకలి తీర్చాడు. తనకోసం వాడని శక్తిని పరులకోసం వాడాడు. చివరకు సిలువపై ప్రాణమే ఇచ్చాడు.

మనవైపు జబ్బు ముదిరితే "వేలూరుకు తీసుకుపోండి" అంటారు. అక్కడి సి.ఎం.సి. ఆసుపత్రి స్థాపకురాలు డాక్టర్ ఐడా స్కడర్ (1870-1960) గారు యౌవనంలో అమెరికాలో సుఖంగా బతకాలనుకున్నారు. 1890లలో తిండివనంలో తల్లిదండ్రుల వద్ద ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు వచ్చి ప్రసవవేదనలో ఉన్న తమ భార్యలను కాపాడమన్నారు. అప్పటికామె డాక్టరు కాదు. డాక్టరైన తండ్రి వస్తారంటే, మగ డాక్టరు వద్దన్నారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె మనసు మారిపోయింది. 1899లో వైద్యవిద్య ముగించి, 1900లో వేలూరులో ఒకే మంచంతో వైద్యం మొదలుపెట్టారు. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల ప్రారంభించారు.

పెద్ద ప్రేమ ముందు సుఖం మీది ఆశ చిన్నదైపోయింది. పరీక్షలో చీటీ తీయబోయినా, తోటివాడి ట్రంకుపెట్టె మీద చెయ్యి వేయబోయినా, కూలి చేసి మనల్ని చదివిస్తున్న అమ్మను తలచుకోండి. ఆ చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది.