వణుకుకు అదురు మందా?

తిరుపతి నుంచి చిత్తూరుకు పోయే బస్సులో కిటికీ చువ్వ పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది కదూ! అటువంటి అదురుతో పార్కిన్సన్ వ్యాధిని అదుపు చెయ్యవచ్చునా? ఈ జబ్బులో డోపమిన్ తయారుచేసే మెదడు కణాలు నశిస్తాయి. చేతులు వణుకుతాయి, అడుగు నేలకు అతుక్కుపోతుంది.

రైలు ప్రయాణం చేస్తే హాయిగా వుందని రోగులు చెప్పగా, పారిస్ వైద్యుడు షార్కో 1892లో అదిరే కుర్చీని పరిచయం చేశాడు. 2012లో అమెరికాలో దీన్ని పరీక్షిస్తే, అదురు లేని కుర్చీలో కూర్చున్నవారికీ అంతే మేలు కనిపించింది!

ఇటీవల స్టాన్‌ఫర్డ్‌లో పీటర్ టాస్ బృందం చేతి తొడుగులు తయారుచేసింది. అవి బొటనవేలు తప్ప తక్కిన వేళ్ళ కొనలను వరుస మార్చి మార్చి అదిరిస్తాయి. జబ్బుపడిన మెదడు కణాలు గుంపుగా ఒకే తాళంలో పనిచేస్తాయి. ఆ తాళం చెదురుతుందని వారి ఊహ. కొద్దిమందిలో నడక మెరుగైంది. అదురు లేని తొడుగుతో పోల్చి, ఎక్కువమందిలో చూస్తేనే తేలుతుంది. ఈలోగా మాత్రలు మానరాదు.