కొల్లూరైనా నాగోలైనా ముందు రెరా నంబరు

హైదరాబాద్‌లో ఫ్లాటు కోసం తిరిగి తిరిగి, చివరికి డబ్బు పోగొట్టుకుని వస్తున్నవాళ్ల కాగితాలు ఈమధ్య నా దగ్గర వరసగా పోగవుతున్నాయి. వీళ్లలో చాలామంది రెండు ప్రాంతాలు చూసుకున్నవాళ్లే. ఒకటి తూర్పున నాగోలు, ఎల్బీనగర్ వైపు. మెట్రో ఉంది, బడులున్నాయి, కట్టేసిన ఫ్లాట్లు కళ్లెదుట ఉన్నాయి. రెండోది పడమట తెల్లాపూర్, కొల్లూరు వైపు. ఐటీ ఉద్యోగాలకు దగ్గర, పెద్ద టవర్లు, రేటూ ఎక్కువే. అంతలో ఒక ఏజెంటు వచ్చి కొల్లూరులో నాగోలు రేటుకే ఇప్పిస్తానంటాడు. అనుమతులు రాకముందే అమ్మే ప్రీలాంచ్ ఆఫరు, మొత్తం సొమ్ము ఒకేసారి కట్టాలంటాడు.

ఆ రెండు రేట్లనూ పక్కపక్కన పెట్టి చూడడంతోనే నష్టం మొదలవుతోంది. నాగోలులో ఆ రేటుకు వచ్చేది ఇల్లు. కొల్లూరు ప్రీలాంచ్‌లో వచ్చేది ఒక రసీదు, లేదంటే భూమిలో విడదీయని వాటా. దాన్నే యూడీఎస్ అంటున్నారు.

నా తాజా కేసు నల్గొండ జిల్లా నుంచి వచ్చిన రిటైర్డ్ ఉపాధ్యాయుడిది. పదవీ విరమణ సొమ్ముకు ఊళ్లో పొలం అమ్మిన డబ్బు కలిపి నాగోలులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు చూసుకున్నారు. బంధువుల మాట విని, దాన్ని వదిలేసి యూడీఎస్ కొన్నారు. "రిజిస్ట్రేషన్ అయింది కదా లాయరు గారూ, ఇంకేం భయం?" అన్నారు. దస్తావేజు చదివాను. ఫ్లాటు నంబరు లేదు, ఎన్నో అంతస్తో లేదు. హద్దుల దగ్గర మొత్తం స్థలం హద్దులే రాశారు. నిర్మాణానికి అనుమతి ఇప్పటికీ రాలేదు. భూమి యజమానులు బిల్డరుతో చేసుకున్న డెవలప్‌మెంట్ ఒప్పందాన్ని రద్దు చేయమని కోర్టుకెక్కారు. ఇక బిల్డరు తరఫు లాయరేమో ఈయన ఫ్లాటు కొనుగోలుదారే కాదు, భూమిలో భాగస్తుడు, కాబట్టి స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాకు రాకూడదని వాదిస్తున్నాడు. యూడీఎస్ రాయించడంలోని అసలు ఉద్దేశం ఇదే.

ఆ దస్తావేజును రిజిస్టరు చేసిన కార్యాలయం స్టాంపు డ్యూటీ కట్టించుకుంది. ఈ స్థలంలో ప్రాజెక్టుకు అనుమతి ఉందా అని మాత్రం అడగలేదు. ఇలాంటి దస్తావేజులు గుంపులుగా వస్తుంటే కూడా అడగరా? రిజిస్ట్రేషన్ జరిగిందంటే ప్రభుత్వం సరిచూసిందని జనం నమ్ముతున్నారు. అది నిజం కాదు.

2016 నాటి రెరా చట్టంలో బిల్డరు ఏం చేయకూడదో స్పష్టంగా ఉంది. 3వ సెక్షన్ ప్రకారం ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ రాకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అమ్మకూడదు. 13వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన అమ్మకం ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనేవాళ్ల నుంచి వసూలైన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికీ నిర్మాణానికీ మాత్రమే వాడాలి. రెరా నంబరే లేని చోట ఆ ఖాతా ఉండదు. మీ డబ్బు ఇంకెక్కడో స్థలానికి అడ్వాన్సుగా వెళ్లిపోతుంది. 2022 చివర్లో అమీన్‌పూర్‌లో ప్రీలాంచ్ పేరుతో వసూళ్లు చేసిన కేసులో అరెస్టులు జరిగాయి, పత్రికలన్నీ రాశాయి. అయినా కట్టేవాళ్లు కడుతూనే ఉన్నారు.

రెరా దరఖాస్తు పెట్టామంటే రిజిస్ట్రేషన్ వచ్చినట్టు కాదు. తెలంగాణలో ప్రాజెక్టు నంబరు 'పి' అక్షరంతో మొదలవుతుంది. 'ఏ'తో మొదలయ్యేది ఏజెంటుది. తన నంబరు చూపించి ప్రాజెక్టుకు రెరా ఉందని నమ్మించే ఏజెంట్లు ఉన్నారు. రెరా వెబ్‌సైటులో చూసుకోవడానికి పది నిమిషాలు పట్టదు. జీవితకాలం కూడబెట్టింది కట్టేవాళ్లు ఆ పది నిమిషాలు పెట్టకపోతే నాకు బాధా వస్తుంది, కోపమూ వస్తుంది. నంబరు లేకుండా టోకెన్ కూడా ఇవ్వకండి.

నాగోలు వైపు చిక్కులు లేవని కాదు. ఓసీ (నివాసయోగ్యతా పత్రం) ఉందో లేదో అడగండి. నిర్మించే దాంట్లో 10 శాతాన్ని బిల్డరు మున్సిపల్ కార్పొరేషన్‌కు తనఖా పెడతాడు. ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. తనఖాలో ఉన్న ఫ్లాటునే మీకు అంటగట్టవచ్చు, కాబట్టి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఎల్బీనగర్ పరిసరాల్లో కొన్ని కాలనీలకు ఏళ్లపాటు రిజిస్ట్రేషన్లు లేవు. 2022లో జీవో 118 కింద క్రమబద్ధీకరణ మొదలైంది. అక్కడ కొంటుంటే ఆ క్రమబద్ధీకరణ పత్రం అసలు ప్రతి చూడందే ముందుకు వెళ్లకండి.

ఇప్పటికే ప్రీలాంచ్‌లో కట్టేసినవాళ్లు రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాట్సాప్‌లో పంపిన బ్రోచర్లు అన్నీ భద్రపరచండి. రెరా చట్టం 18వ సెక్షన్ కింద వడ్డీతో సహా వాపసు అడగవచ్చు. నా దగ్గరికి వచ్చిన ఉపాధ్యాయుడి ఫిర్యాదూ అదే. రెరా ఆర్డరు వచ్చినా బిల్డరు చెల్లించకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయాలని చట్టం చెబుతోంది. ఆ పని రెవెన్యూ అధికారులది. వెంటపడకపోతే ఫైలు కదలదు.

మొన్న బిల్డరు మనుషులు ఆ ఉపాధ్యాయుడి దగ్గరికి రాబోయే తేదీలు వేసిన చెక్కులు పట్టుకొచ్చి, రద్దు దస్తావేజు మీద సంతకం పెట్టమన్నారట. ఒప్పుకోవద్దని చెప్పాను. డబ్బు ఖాతాలో పడకముందు అసలు దస్తావేజు ఇవ్వకండి, రద్దుకు సంతకం పెట్టకండి, కట్టిన సొమ్మును చేబదులుగా మార్చే కొత్త ఒప్పందం దేనికీ ఒప్పుకోకండి. ఇదివరకే చెక్కు తీసుకుని ఉండి అది బౌన్సయితే, బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి.