ఆఫీసయ్యాక అరగంట ధ్యానం

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే లెస్బియన్ మహిళలు వారానికో సాయంత్రం కలిసి బౌద్ధ ధ్యానం చేసుకోవాలనుకుంటే, గది దొరకడం పెద్ద కష్టం కాదు. మొదటి వారం వచ్చినామె రెండో వారం కూడా రావాలి, కష్టమంతా అక్కడుంది.

అమెరికాలోని ఓక్లాండ్‌లో 2007లో తెరిచిన ఈస్ట్ బే మెడిటేషన్ సెంటర్‌ను చూడండి. ఎల్‌జీబీటీ వాళ్ల కోసం 'ఆల్ఫబెట్ సంఘ' పేరుతో అక్కడ విడిగా ధ్యానం జరుగుతుంది. సెంటర్ దానం మీదే నడుస్తుంది. వాసనలు పడనివాళ్ల కోసం సెంట్లు పూసుకుని రావద్దంటారు. మనమైతే అగరొత్తులు కూడా మానాలి. విరాళాల డబ్బా ఓ మూలన పెట్టండి, ఎవరెంత వేశారో ఎవరికీ కనబడకూడదు. కింద కూర్చోలేనివాళ్లకు కుర్చీలు వేయండి.

స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటి ఓనరుకో టీమ్ లీడుకో తెలిస్తే ఏమవుతుందోనన్న భయం మాత్రం ఆ తీర్పుతో పోలేదు. అందుకే ఫొటోలు, హాజరు పట్టీ వద్దు. వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి కాబట్టి, కబురు ఎవరికి వాళ్లకు విడిగా పంపండి. ఏ పేరు చెబితే ఆ పేరుతోనే పిలవండి. "పెళ్లయిందామ్మా?" అన్న పలకరింపు మన నోటికి అలవాటు. ఇక్కడ దాన్ని వదిలేయాలి. బైసెక్సువల్ మహిళలు, ట్రాన్స్ మహిళలు రావచ్చా అన్నది మొదటిరోజుకు ముందే తేల్చి, పిలుపులోనే చెప్పండి. నన్నడిగితే వాళ్లూ రావాలి.

అందరి మేలూ కోరుకునే ధ్యానం, అంటే మైత్రీ భావన చేయించేటప్పుడు మరీ జాగ్రత్త. ఆప్తులను తలచుకోమని చెప్పేటప్పుడు నడిపించేవాళ్లు చాలామంది "మీ అమ్మను తలచుకోండి" అంటారు. బలవంతంగా పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టిన అమ్మ, ఆర్నెల్లుగా ఫోనెత్తని అమ్మ గుర్తొచ్చి ఎవరికో గొంతు పూడుకుపోతుంది. "మనసుకు హాయినిచ్చే ఎవరైనా సరే, పెంపుడు పిల్లి అయినా సరే" అనండి. కళ్లు తెరుచుకుని ఉండొచ్చనీ, లేచి బయటికి వెళ్లొచ్చనీ ముందే చెప్పండి. ఎవరైనా ఏడిస్తే అందరూ చుట్టూ మూగకండి. తర్వాత టీ తాగేటప్పుడు ఒకరు పక్కన కూర్చుంటే చాలు. బాధ లోతుగా ఉందనిపిస్తే మంచి కౌన్సెలర్‌ను చూపించండి, ఆ పని ధ్యానానికి అప్పగించకండి.

నడిపించే బాధ్యత నెలకొకరు తీసుకోవాలి. నడిపించేవాళ్లు కొత్తగా వచ్చినామెతో ప్రేమ వ్యవహారం మొదలుపెట్టకూడదని ముందే రాసి పెట్టుకోండి. చదువుకోవడానికి థేరీగాథ ఉంది, తొలినాటి భిక్షుణులు తమ బతుకులను చెప్పుకున్న పద్యాలు. వారానికొకటి చాలు.

ఏడున్నరకు మొదలుపెట్టి, చివరి మెట్రోకు చాలాముందే ముగించండి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చినామె కోసం, చప్పుడు కాకుండా తలుపు తీయడానికి ఒకరు గుమ్మం పక్కనే కూర్చోవాలి.