ప్రశ్నలు - జవాబులు: పాత సెట్టు, ఏరియలు సాకెట్టు

ప్రశ్న: నాకు హీత్‌కిట్ హెచ్‌డబ్ల్యు-101 ట్రాన్సీవరు లభించినది. దాని వెనుక ఏరియలుకై ఉన్నది గ్రామఫోనులకు వాడెడు ఫోనో సాకెట్టు మాత్రమే. దానిని తొలగించి ఎస్‌ఓ-239 బిగింపుమని ఒక మిత్రుడు, ఎన్-కనెక్టరే శ్రేష్ఠమని వేరొకడు చెప్పుచున్నారు. ఎవరి మాట వినవలెను?
- ఒక హ్యామ్, కాకినాడ

జవాబు: ఇద్దరి మాటయు వినవలదు. 1970లో వెలువడిన ఆ సెట్టు ఏరియలుకు పంపునది ఇంచుమించు నూరు వాట్లు, అనగా 50 ఓముల వద్ద 71 వోల్టులును 1.4 ఆంపియర్లును, శుభ్రముగా నుండి ప్లగ్గును బిగువుగా పట్టుకొనెడు ఫోనో సాకెట్టు ఈ భారమును అవలీలగా మోయును. దాని ఇంపిడెన్సు 50 ఓములు కాదుగదా యందురేమో. 14 మెగాహెర్ట్జుల తరంగము పొడవు 21 మీటర్లుండగా, రెండంగుళములైనను లేని లోహపు ముక్కలోని వ్యత్యాసము సముద్రమున కాకిరెట్ట వంటిది. ఎన్-కనెక్టరు 432 మెగాహెర్ట్జులలో విహరించువారికి ఆవశ్యకమే. మీ సెట్టు 30 దాటదు. ఎస్‌ఓ-239ను యూహెచ్‌ఎఫ్ కనెక్టరనుటయు, 30 మెగాహెర్ట్జులకు పైబడినదానినెల్ల ఆ పేర పిలిచిన 1930 దశకపు అలవాటే. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

దానిని బిగించుటకు ఛాసిసునకు అంగుళములో అయిదు ఎనిమిదవ వంతు రంధ్రము చేయవలెను. ఆ రజను రిలేలలో పడిన బాధ యటుండ, చేసిన రంధ్రమును పూడ్చుట యెవరి తరము? జానెడు ఆర్‌జి-58 తీగకు ఒక కొన ఫోనో ప్లగ్గును, రెండవ కొన ఎస్‌ఓ-239ను అతికి వాడుకొనుడు. ఫోనో ప్లగ్గులో బయటి వలయముకంటె నడిమి సూది ముందు తగిలి, వెనుక వీడును. కావున ప్రసారము సాగుచుండగా దానిని లాగరాదు. ఇక కేబులు కొనలోని పీఎల్-259నకు అల్లిక తీగ సరిగా టంకము పట్టినదో లేదో చూడుడు. చిన్న టంకపు ఇనుముతో ఆ ప్లగ్గు శరీరము వేడెక్కదు. ఈ సంగతి తెలియక మేమొక రాత్రియెల్ల వాల్వులను శంకించితిమి.

ప్రశ్న: హాలిక్రాఫ్టర్స్ ఎస్-38 వెనుక ఏ1, ఏ2, జీ అను మూడు మరలే ఉన్నవి. ఒంటి తీగ ఏరియలును దేనికి కలుపవలెను?

జవాబు: ఏ1నకు. ఏ2ను జీకి చిన్న తీగతో కలుపుడు. అయితే ఆ సెట్టులో పవర్ ట్రాన్స్‌ఫార్మరు లేదు. 117 వోల్టుల మెయిన్సు సరాసరి లోపలికి వచ్చును. మన 230 వోల్టులపై దానిని నడుపుటకు ముందు, ఆటో ట్రాన్స్‌ఫార్మరు గాక, రెండు వైండింగులు వేర్వేరుగా నున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరును కొనుడు. అది చేతికి వచ్చువరకు ఆ మరలను ముట్టకుడు.