పాత డివిడెండ్ల లెక్క తేలేదెలా?

ప్రశ్న: మా నాన్నగారి పేరిట చాలా ఏళ్లుగా ఇన్ఫోసిస్ షేర్లున్నాయి. ఇంతవరకు ఎంత డివిడెండ్ వచ్చిందో కంప్యూటర్‌లో లెక్కగట్టొచ్చా? పైథాన్ కొంచెం వచ్చు.
- ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పైథాన్ వచ్చంటున్నారు కాబట్టి పని తేలికేనమ్మా. వైఫైనాన్స్ అనే ఉచిత లైబ్రరీ యాహూ ఫైనాన్స్ నుంచి సమాచారం తెచ్చిపెడుతుంది. కంపెనీ కోడ్ చివర ఎన్‌ఎస్‌ఈకైతే డాట్ ఎన్‌ఎస్, బీఎస్‌ఈకైతే డాట్ బీఓ చేర్చి డివిడెండ్స్ అడిగితే తేదీలు, షేరుకు ఎంతన్నదీ వరుసగా వస్తాయి. ఇది యాహూ వాళ్ల అధికారిక సాధనం కాదు. అందుకే అనుమానమొచ్చిన అంకెను ఎక్స్ఛేంజి వెబ్‌సైట్‌లోని కార్పొరేట్ యాక్షన్స్‌తో పోల్చి చూడండి.

అసలు చిక్కు బోనస్ షేర్ల దగ్గరుంది. 2018 జూన్‌లో ఇన్ఫోసిస్ షేరుకు 20.50 రూపాయల తుది డివిడెండ్, దానిపైన 10 రూపాయల ప్రత్యేక డివిడెండ్ ఇచ్చింది. మొత్తం 30.50. అదే ఏడాది సెప్టెంబరులో ఒకటికి ఒకటి బోనస్ వచ్చింది. యాహూ పాత అంకెలను ఆ మేరకు తగ్గించి చూపుతుంది కాబట్టి అది 15.25 అవుతుంది. దాన్ని నాన్నగారి దగ్గర అప్పుడున్న షేర్లతో గుణిస్తే వచ్చిన డబ్బులో సగమే తేలుతుంది. మధ్యలో కొనడం, అమ్మడం లేకపోతే ఇప్పుడున్న షేర్లతోనే గుణించండి.

యాహూ జాబితాలో కనిపించేది ఎక్స్-డివిడెండ్ తేదీ, అంటే ఆ రోజు నుంచి కొన్నవారికి ఆ డివిడెండ్ రాదు. డబ్బు ఖాతాలో పడేది ఆ తర్వాతే. 2020 ఏప్రిల్ 1 నుంచి డివిడెండ్‌పై పన్ను వాటాదారే కట్టాలి. రిటర్ను మాత్రం ఈ అంకెలతో వేయకండి. బ్యాంకు పాస్‌బుక్కు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక) ముందు పెట్టుకునే నింపండి.