ఎడ్డీనా, కింగా? ఆ గొడవ తేల్చే ముందు మీ కీబోర్డ్ చెక్ చేయండి

టెక్కెన్ 3 ఆడిన ప్రతి బ్యాచ్‌లోనూ ఒక ఎడ్డీ గాడు ఉంటాడు. కిక్ బటన్లు ఇష్టమొచ్చినట్టు బాదేసి గెలిచేస్తాడు. మిగతావాళ్లు "అది ఆటే కాదు" అని గొడవకి దిగుతారు. మా ఉదయగిరి నెట్ సెంటర్‌లో ఆ ఎడ్డీ గాడిని నేనే.

ఫైటింగ్ గేమ్‌లో మెయిన్ క్యారెక్టర్‌ని ఎలా ఎంచుకోవాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. దానికన్నా ముందు, నేను చాలా ఏళ్ల పాటు తప్పుగా వాదించిన ఒక గొడవ గురించి చెప్పాలి.

ఒకే కీబోర్డ్, ఇద్దరు ప్లేయర్లు

వేసవి సెలవులకి ఆత్మకూరు నుంచి మా పెద్దనాన్న కొడుకు వచ్చేవాడు. నాకన్నా మూడేళ్లు పెద్ద. ఎండ తగ్గేదాకా ఆగలేక మధ్యాహ్నమే బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్‌కి పోయేవాళ్లం. గంటకి 20 రూపాయలు. పీసీలో ప్లేస్టేషన్ ఎమ్యులేటర్, అందులో టెక్కెన్ 3. కంట్రోలర్లు లేవు. ఒకే కీబోర్డ్ మీద అక్షరాల వైపు నేను, బాణం గుర్తులు, నంబర్ ప్యాడ్ వైపు అన్న.

నాది ఎడ్డీ, అన్నది కింగ్. దాదాపు ప్రతిసారీ నేనే గెలిచేవాడ్ని. ఓడినప్పుడల్లా అన్నది ఒకటే మాట: "నొక్కినా పడలేదురా." వెనక నిలబడి చూసే పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు. చివరికి అన్నకి అదే పేరు పెట్టేశాం. ఆ పేరుతో మొదట పిలిచింది నేనే. సెలవులు అయిపోకముందే అన్న నెట్ సెంటర్‌కి రావడం మానేశాడు. ఓటమి ఒప్పుకోలేకే రావట్లేదనుకున్నా.

ఇద్దరికీ అసలు తేడా ఏంటి?

టెక్కెన్‌లో నాలుగు బటన్లు, నాలుగు అవయవాలు: ఎడమ చేయి, కుడి చేయి, ఎడమ కాలు, కుడి కాలు. 1997లో ఆర్కేడ్స్‌కి, 1998లో ప్లేస్టేషన్‌కి వచ్చిన టెక్కెన్ 3లోనే ఎడ్డీ గోర్డో మొదటిసారి కనిపించాడు. అతనిది బ్రెజిల్ యుద్ధకళ కపోయెరా. రెండు కిక్ బటన్లు ఒకదాని తర్వాత ఒకటి కొడుతుంటే చాలు, కిందికీ నడుముకీ మార్చి మార్చి తన్నుతుంటాడు. కింద తన్నే కిక్‌ని ఆపాలంటే అవతలివాడు వెనక్కి, కిందికి రెండూ కలిపి నొక్కి కూర్చోవాలి.

కింగ్ జాగ్వార్ ముసుగు వేసుకునే రెజ్లర్. అతని బలమంతా త్రోలలో ఉంది. మామూలు త్రోకి కూడా ఒక చేయి, ఒక కాలు బటన్లు ఒకేసారి పడాలి. ఒకదానికొకటి గొలుసులా కలిసే పెద్ద త్రోలకి ఇలాంటి కాంబినేషన్లు వరసగా కావాలి.

అంటే నాకు ఒక్కో బటన్ పడితే చాలు. అన్నకి కొట్టాలన్నా, ఆపుకోవాలన్నా రెండేసి పడాలి.

కీబోర్డ్ లోపల ఏం జరుగుతుంది?

బీటెక్ అయ్యి ఉద్యోగంలో చేరాక ఒక కీబోర్డ్ కొందామని స్పెసిఫికేషన్లు చదువుతుంటే 'యాంటీ ఘోస్టింగ్' అనే మాట తగిలింది. అదేంటో చూశాక నాకు నెట్ సెంటర్ గుర్తొచ్చింది.

మామూలు మెంబ్రేన్ కీబోర్డ్‌లో ప్రతి కీకి విడిగా వైరు ఉండదు. అడ్డం, నిలువు లైన్లతో ఒక గ్రిడ్ ఉంటుంది. కీ నొక్కితే ఒక అడ్డ లైను, ఒక నిలువు లైను కలుస్తాయి. రెండు కీలు నొక్కినంతవరకు ఇబ్బంది లేదు. గ్రిడ్‌లో ఒక చతురస్రానికి మూడు మూలల్లో ఉన్న కీలు ఒకేసారి నొక్కితే, కరెంటు చుట్టూ తిరిగి నాలుగో మూల కీ కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. అదే ఘోస్టింగ్. ఆ తప్పు జరగకుండా చాలా కీబోర్డ్‌లు మూడో కీని అసలు తీసుకోవు.

ఇప్పుడు మా మ్యాచ్ ఊహించుకోండి. నా వేళ్లు రెండు కిక్ కీల మీద ఆగకుండా పడుతున్నాయి. అదే సమయంలో అన్న కూర్చుని ఆపడానికి రెండు కీలు నొక్కాడు. మొత్తం మూడో, నాలుగో అయ్యాయి. వాటిలో ఒకటి కంప్యూటర్‌కి చేరకపోతే అన్న కింగ్ నిలబడే ఉంటాడు, నా కిక్ తగులుతుంది. ఇంట్లో మూలన పడున్న పాత కీబోర్డ్ తీసి, కీబోర్డ్ టెస్టర్ పేజీలో మా పాత కీలే నొక్కి చూశా. రెండు కాంబినేషన్లలో బాణం కీ వెలగలేదు. నెట్ సెంటర్‌లో ఉన్నది ఈ మోడలే అని చెప్పలేను. కానీ ఇక "కట్టు కథ" అని మాత్రం అనలేకపోయా.

మీ మెయిన్‌ని ఇలా ఎంచుకోండి

1. ముందు డివైస్: కీబోర్డ్ టెస్టర్‌లో మీరు వాడే కీలన్నీ మూడేసి, నాలుగేసి కలిపి నొక్కి చూడండి. ఇద్దరు ఆడేటట్టయితే రెండు వైర్డ్ కంట్రోలర్లు తీసుకోండి. ఫోన్‌లో ఆడేవాళ్లకి ఘోస్టింగ్ సమస్య కాదు, బటన్ వేలికి తెలియకపోవడమే సమస్య. త్రో క్యారెక్టర్లు అక్కడ కష్టం.

2. తర్వాత డిలే: టెక్కెన్ సెకనుకి 60 ఫ్రేములతో నడుస్తుంది. ఒక ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. టెక్కెన్ 8లో 10 ఫ్రేముల జాబ్ అంటే సెకనులో ఆరో వంతు. టీవీ 50 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే మూడు ఫ్రేములు పోయినట్టే. గేమ్ మోడ్ ఆన్ చేయండి.

3. ఆ తర్వాతే క్యారెక్టర్: దూరం నుంచి కొట్టడం ఇష్టమా, దగ్గరికెళ్లి పట్టుకోవడం ఇష్టమా? ఆ స్టైల్‌లో ఒకరిని తీసుకుని, వారం పాటు ఐదు మూవ్‌లు, బ్లాకింగ్ మాత్రమే ప్రాక్టీస్ చేయండి.

4. చివర్లో వాదన: "నీ క్యారెక్టర్ చీప్" అనే ముందు సీట్లు, కంట్రోలర్లు మార్చుకుని ఇంకో ఐదు మ్యాచ్‌లు ఆడండి.

రీమ్యాచ్

పోయిన సంక్రాంతికి రెండు యూఎస్‌బీ కంట్రోలర్లు, ల్యాప్‌టాప్ తీసుకుని ఆత్మకూరు వెళ్లా. అన్న మొదట "ఇప్పుడెందుకురా ఇవన్నీ" అన్నాడు. వదిన నవ్వితే కూర్చున్నాడు. పది మ్యాచ్‌లు. నాది ఎడ్డీ, అన్నది కింగ్. ఎనిమిది అన్నే గెలిచాడు. నా కింది కిక్‌లన్నీ ఆపేశాడు. నాకేమో ఆపడం ఎలాగో తెలియదు. అన్నేళ్లలో ఆ అవసరమే రాలేదు మరి.

ఎడ్డీ పనికిరాని క్యారెక్టర్ అని కాదు. 2024 ఏప్రిల్‌లో టెక్కెన్ 8కి మొదటి డీఎల్‌సీ క్యారెక్టర్‌గా తిరిగొచ్చింది అతనే. నేర్చుకుని ఆడేవాళ్ల చేతిలో అతను వేరే. నేను నేర్చుకోలేదు, అంతే.

కీబోర్డ్ సంగతంతా చెప్పి, "సారీ అన్నా, ఆ పేరు పెట్టింది నేనే" అన్నా.

అన్న కంట్రోలర్ వంక చూస్తూ, "చెప్పా గదరా అప్పుడే, నొక్కినా పడలేదని" అన్నాడు. తర్వాత ఇంకో మ్యాచ్ పెట్టాడు.